అక్క అతికిన నత్తలు

నేను నత్తల మనిషిని. తిరువళ్లూరులో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. ఇంట్లో తెలుగు, నేను చదువుకున్నది తమిళం, పాఠం చెప్పేది ఇంగ్లీషు. మూడింటిలో దేనిలో చెప్పినా ఒకేలా అర్థం కాదని మా విద్యార్థులందరిదీ ఒకే మాట. నా పరిశోధన నత్తనడకన సాగుతోందని మా ప్రిన్సిపాల్ ఒకసారి అన్నాడు. నత్తల మీద పరిశోధన ఇంకెలా నడుస్తుందండీ అన్నాను. ఆయన నవ్వలేదు. ఆయన రసాయనశాస్త్రం మనిషి.

నత్తకు ఒక గుణం ఉంది. ఏటి అడుగున బురద నాకుతూ, రాళ్ల మీది నాచు గీరుకుంటూ బతుకుతుంది. నీళ్లలో సీసం ఉన్నా, క్రోమియం ఉన్నా, కాడ్మియం ఉన్నా కొంచెం కొంచెంగా ఒంట్లో దాచుకుంటుంది. నీళ్లను బాటిల్లో పట్టి పరీక్షకు పంపితే ఆ పూట నీళ్ల సంగతి మాత్రమే తెలుస్తుంది. నిన్న ఎవరో వదిలిన విషం ఈపాటికి దిగువకు జారిపోయి ఉంటుంది. నత్త అలా వదిలిపెట్టదు. చిప్ప పగలగొట్టి, మాంసం ఎండబెట్టి, ఆమ్లంలో కరిగించి మిషన్‌కు ఇస్తే, అది అక్కడ ఉన్నన్నాళ్లూ ఏటిలో ఏమేం పారిందో చెప్పేస్తుంది. తెలుగు పంతుళ్లకు సీసం అంటే పద్యం, నాకు మాత్రం నత్త కడుపులో దొరికే విషం. ఈ చమత్కారం ఒకసారి క్లాసులో విసిరాను. తెలుగు చదవడం రాని పిల్లలు నోరు తెరిచారు. నేను నోరు మూసుకున్నాను.

ఈ ఛలోక్తులన్నీ మా బావ చెయ్యి చూడనంత వరకే.

అక్కను పొదటూరుపేట దగ్గర ఒక నేతగాళ్ల ఊళ్లో ఇచ్చారు. ఆదివారాలు తిరుత్తణి దాకా రైల్లో వెళ్లి, అక్కడ బస్సు పట్టుకుంటే అక్క ఇల్లు. ఇంటి వెనక నాలుగు మళ్లు దాటితే ఏరు. బావది గుంటమగ్గం. గుంటలో కాళ్లు పెట్టుకుని పొద్దున కూర్చుంటే అన్నానికి పిలిచేదాకా లేవడు. ఆ వీధిలో మగవాళ్లందరిదీ అదే కూర్చోవడం, అందుకని అందరిదీ అదే రోగం, మూలవ్యాధి. దానికి ఆస్పత్రికి పోవాలంటే సిగ్గు. అందుకే తాతల నాటి నుంచీ వాళ్లకు మందు ఒకటే, నత్తల పులుసు.

వారానికొకసారి ఆడవాళ్లు ఏటి మలుపులో దిగి నత్తలు ఏరుకొస్తారు. బక్కెట్లో మంచినీళ్లు పోసి, అవి బురదంతా కక్కేదాకా ఉంచి, ఉడికించి, సూదితో మాంసం లాగి, మిరియాలు దండిగా వేసి పులుసు పెడతారు. ఆ మాంసం చివర నల్లటి చుట్ట ఒకటి ఉంటుంది. చేదు. చాలామంది తుంచి పారేస్తారు. బావ మాత్రం ముందు దాన్నే నోట్లో వేసుకుంటాడు.

"మందంతా దీంట్లోనే ఉండాది సారూ," అంటాడు నాతో. నాకు ఉద్యోగం వచ్చిన రోజు నుంచి నేను ఆయనకు బామ్మర్దిని కాదు, సారును. "మీరు దీన్ని కోసి చూస్తారు, మేము మింగి చూస్తాము. ఎవరికి బాగా తెలుస్తాది?"

అది నత్త కాలేయం. ఒంట్లోకి వచ్చిన లోహం ముందుగా చేరేది అక్కడే. ఇది నేను ఏటేటా బోర్డు మీద బొమ్మ వేసి చెప్పే పాఠం. వేసిన చేత్తోనే ఆదివారం అక్క ఇంట్లో పులుసు పోసుకునేవాణ్ని. పాఠం వేరు, పులుసు వేరు అని ఎలా అనిపించిందో నాకే తెలియదు.

ఒక ఆదివారం అన్నాల దగ్గర బావ చేతిలోంచి నీళ్ల గ్లాసు జారింది. అందరి చేతుల్లోంచీ జారుతుంది. మళ్లీ తీసుకున్నాడు, మళ్లీ జారింది.

"గ్లాసుకు నా మింద ఏందో కోపం," అన్నాడు.

"గ్లాసుకా? మగ్గం మీద పోగు తెచ్చే నాడెకు కూడా కోపమే," అంది అక్క. "నెల నుంచి చూస్తా ఉండా. తాడు లాగుతాడు, చెయ్యి వాలిపోతాది. గుడ్డ కట్టుకొని నేస్తా ఉండాడు. అడిగితే వయసంటాడు."

"చెయ్యి చాపు బావా," అన్నాను.

"జాతకం చూస్తావా?"

"చాపు."

చాపాడు. ముంజేయి తిన్నగా నిలిచింది. మణికట్టు దగ్గర నుంచి చెయ్యి మాత్రం వాడిన తమలపాకులా కిందికి వేలాడింది. లేపమన్నాను. ముఖంలో నరాలు ఉబ్బాయి గానీ చెయ్యి లేవలేదు.

నేను చదివిన పుస్తకంలో సరిగ్గా ఈ బొమ్మే ఉంది. సీసం ఒంటికి ఎక్కిన మనిషి చెయ్యి. పరీక్షకు బట్టీ పట్టి, మార్కులు వచ్చాక మరిచిపోయిన బొమ్మ. అది ఇప్పుడు మా అక్క వంటింట్లో నా ఎదురుగా కూర్చుని అన్నం కలుపుకుంటోంది. నా విస్తరిలో పులుసు అలాగే ఉండిపోయింది.

ఏటికి ఎగువన సాయప్పట్టరైలు ఉన్నాయి, నూలుకు రంగులు అద్దే షెడ్లు. ఇంకా పైన ఏవేవో చిన్న వర్క్‌షాపులు, బోర్డులు లేనివి. ఏటి నీళ్లు కొన్ని రోజులు నీలంగా, కొన్ని రోజులు తుప్పు రంగుగా వచ్చేవి. ఏ రంగు నీళ్లు వస్తే ఏ రంగు చీరలకు గిరాకీ ఉందో తెలుస్తుందని వీధిలో వాళ్లు నవ్వుకునేవాళ్లు.

"బావా, నత్తలు మానెయ్. రేపు నాతో ఆస్పత్రికి రా," అన్నాను.

"దేనికి? ఆస్పత్రికి పోతే ముందు మగ్గం దిగమంటారు. మగ్గం దిగి నేనేం చేయాల? నీ కాలేజీలో బెల్లు కొట్టాల్నా? ఈ చేత్తో అదీ కొట్టలేను." నవ్వాడు, తరవాత నవ్వు ఆపాడు. "సారూ, నాకు వేరే పని రాదు. చుమ్మా ఊరికే భయపెట్టొద్దు. ఇన్నేండ్లుగా నత్తలు నత్తలని తిరుగుతా ఉండావు గదా, ఆ నత్తల్నే అడుగు. ఏరు చెడిపోయిందని అవి చెప్తే నత్తలూ మానేస్తా, ఆస్పత్రికీ వస్తా. బాగుందని చెప్తే నన్ను నా గుంటలో వదిలిపెట్టాల. సరేనా?"

సరేనన్నాను. ఏటి నత్తల్నే పట్టుకుపోయి పరీక్షిస్తే సరిపోయేది. కానీ ఏటి నత్త ఎక్కడి నుంచి పాకి వచ్చిందో, ఎన్నాళ్ల నుంచి అక్కడుందో ఎవరికి తెలుసు? మా శాస్త్రంలో దానికి ఒక పద్ధతుంది. మంచినీళ్లలో పెంచిన నత్తలను వల బోనులో పెట్టి ఏటిలో ముంచి ఉంచాలి. అన్నీ ఒకే చోటివి, అన్నీ ఒకే కాలం ఉన్నవి. కొన్ని వారాల తరవాత తీసి, కాలేజీ తొట్టిలోనే ఉన్న వాటి తోబుట్టువులతో పోల్చాలి. పద్ధతిగా చేయాలనుకున్నాను. భయపడ్డ మనిషి పద్ధతిని పట్టుకుని వేలాడతాడు.

ఈశాన్య వానలు వెనకబట్టి ఏరు తేటపడ్డాక, ప్లాస్టిక్ బుట్టకు నైలాన్ వల కట్టి, ఆ చుట్టుపక్కల దొరికే జాతివే అయిన కాలేజీ నత్తలను అందులో వేసి, వీధి వాళ్లు నత్తలు ఏరుకునే మలుపులోనే ఒక గుంజకు కట్టాను. కాపలా అక్కది. రెండు రోజులకొకసారి క్యాబేజీ ఆకు వెయ్యాలి, గొడ్లు తొక్కకుండా, ఎవరూ ఎత్తుకుపోకుండా చూడాలి.

"కూరకు ఎత్తుకుపోతారని భయమా? ఈ పాటి నత్తలు నా కోడికి కూడా చాలవు," అంది.

రోజూ ఫోన్ చేసేవాణ్ని. పాఠం మధ్యలో బావ మణికట్టు గుర్తొచ్చి వాక్యం మరిచిపోయేవాణ్ని. విద్యార్థులకు తేడా తెలియలేదనుకోండి.

"ఎట్ల ఉండాయి అక్కా?"

"ఉండాయి లేరా. ఎన్ని పెట్టినావో అన్నీ ఉండాయి. నీ కంటే చురుగ్గా ఉండాయి."

"బావ చెయ్యి?"

"అదీ ఉండాది."

గడువు కాగానే బోను తీసి, రెండు చోట్ల నత్తలనూ చెన్నైలో ఒక పెద్ద ల్యాబుకు పంపాను. రిపోర్టు వచ్చిన రోజున కవరు చించలేక చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఏటి నత్తలకూ మా తొట్టి నత్తలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. సీసం పేరుకే ఉంది. రెండుసార్లు చదివాను. స్టాఫ్ రూములో నాకు తెలియకుండానే ఈల వేశానట.

ఆ ఆదివారం అక్క ఇంట్లో పండగ. పులుసు రెండుసార్లు పోయించుకున్నాను. నల్ల చుట్టను కూడా వదల్లేదు, భయం దిగిపోయిన నాలుకకు చేదు తెలియదు. బావ వీధరుగు మీద నిలబడి వచ్చేపోయేవాళ్లను ఆపి చెప్పాడు: "మా సారు మిషన్ పెట్టి చూసినాడప్పా. మన ఏరు పాల మాదిరి ఉండాది!" నాకు గర్వంగా కూడా అనిపించింది. మా ఊళ్లలో ఒక జంతుశాస్త్రం లెక్చరర్‌ను చూసి ఎవరైనా సంతోషించడం అదే మొదలు.

మరి చెయ్యి ఎందుకలా ఉందంటే, మగ్గం మీద మోచెయ్యి ఆనించి ఆనించి నరం నలిగి ఉంటుందిలే అని నాకు నేనే డాక్టరునై చెప్పుకున్నాను. బావ చేతికి చెక్కపేడు పెట్టి గుడ్డ చుట్టుకుని నేశాడు. మాట ప్రకారం నేను నోరు మెదపలేదు.

కొన్ని వారాల తరవాత ఒక మధ్యాహ్నం వెళ్లేసరికి అక్క వసారాలో కూర్చుని కొత్త పడుగు అతుకుతోంది. మగ్గం మీద ఉన్న పాత పడుగు కొసలకు కొత్త పోగుల కొసలు ఒక్కొక్కటే కలిపి, వేళ్లకు బూడిద అద్దుకుని మెలివేయడం. చూస్తూ ఉంటే నిద్ర వచ్చే పని. బావ బయటికి వెళ్లాడు. వంటింటి గుమ్మం పక్కన బక్కెట్లో మరునాటి నత్తలు బురద కక్కుతున్నాయి.

"రేయ్, మళ్లా బోను పెడితే ముందే చెప్పు," అంది అక్క, పోగుల మీంచి చూపు తిప్పకుండానే. "వరి వయల్లో ఇప్పుడు నీళ్లు లేవు. యాడ నుంచి తేవాల?"

"ఏమి తేవాల?"

"నత్తలు. పోయిన తూరి అతికి అతికి నా నడుము పడిపోయింది."

నాకు అర్థం కాలేదు. అర్థం కాకుండా ఉంటే బాగుండునని మాత్రం ఎందుకో అనిపించింది. "నత్తల్ని అతకడమేంటక్కా?"

"సచ్చిపోతా ఉంటే ఏం చేయాల? నువ్వు పెట్టిపోయిన వారానికే మూతలు తెరుచుకొని ఒకటే కంపు. అవి తీసి పారేసి, మన వయలు కాలవలో ఉండేటివి ఏరుకొచ్చి ఏస్తి. మళ్లా సచ్చినాయి, మళ్లా తెచ్చి ఏస్తి. నువ్వు వచ్చే ముందు రోజు కూడా తెచ్చినా."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

అక్క తలెత్తింది. నేను అడిగిన ప్రశ్న ఆమెకు నిజంగానే వింతగా తోచింది. "చెప్పేదానికి ఏముంది? పోగు తెగితే మొగుణ్ని పిలిచి చూపిస్తామా? అతికి పోతా ఉంటాము. అట్లనే వదిలేస్తే గుడ్డలో సందు పడదా? కొనేవాడు ముఖాన కొట్టడా? నువ్వేమో రోజూ ఫోన్ చేసి ఎట్ల ఉండాయి, ఎట్ల ఉండాయి అని ప్రాణం తీస్తివి. నీ పని చెడిపోకూడదని గదా నేను ఎండలో తిరిగింది!"

ఆమె వేళ్లు ఆగలేదు. ఒక పోగు, ఇంకో పోగు. నేత ఇంట్లో పుట్టి నేత ఇంట్లో మెట్టిన మనిషికి తెగిందాన్ని తెగినట్టు వదిలేయడం చేతకాదు. నేను మాత్రం అదే ఇంట్లో పుట్టి కూడా ఆమె అలా చేస్తుందని ఊహించలేకపోయాను. నేను వెతుకుతున్నది ఆ సందునే. చచ్చిన నత్తలే నా రిపోర్టు. నేను చెన్నైకి పంపింది ముందు రోజు దాకా వరిపొలం కాలవలో హాయిగా తిరిగిన నత్తలను. అవి ఏ పాపమూ ఎరుగవని మిషన్ నిజమే చెప్పింది.

ఏటిలో మామూలుగా తిరిగే నత్తలు మరి ఎలా బతికాయంటారా? నీళ్లు మండినప్పుడు అవి మూత బిగించుకుంటాయి, గట్టెక్కుతాయి, గండం గడిచాక మళ్లీ దిగుతాయి. తప్పించుకోగలిగి బతికినవి విషాన్ని ఒంట్లో మోసుకుంటూ బతుకుతాయి. బోనులోవి తప్పించుకోలేవు. మా బావ కూడా గుంటలో కూర్చున్నవాడే.

గుమ్మంలో కూర్చున్నాను. పక్కన బక్కెట్లో ఒక నత్త మీసాలు బయటపెట్టి తీరిగ్గా అంచు ఎక్కుతోంది. దాన్ని చూస్తే పాము పడగ చూసినట్టయింది.

బావ వచ్చాడు. అక్కే చెప్పింది, చెబుతూ చెబుతూ మధ్యలో తనకే సంగతి తట్టి ఆగిపోయింది. బావ నా ముఖం చూశాడు, బక్కెట్టు చూశాడు.

"అంటే సారూ, నత్తలు ముందే చెప్పినాయి. మనకు వినిపించలేదు."

"అవును బావా."

"సచ్చినోళ్ల మాట చెల్లుతాదా మన పందెంలో?"

"చెల్లుతుంది."

"సరిప్పా." ఎడమ చేత్తో భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు, అంతసేపు తుడుచుకోవాల్సిన చెమట లేదు. "ఎప్పుడు పోదాం?"

బక్కెట్లో నత్తలను నేను పరీక్షకు పట్టుకెళ్లాను. బావను ముందు తిరుత్తణిలో చూపించాం, వాళ్లు చెన్నైకి రాసిచ్చారు. రైల్లో ఆయన కిటికీ పక్కన కూర్చుని, పడిపోయిన చేతిని ఎడమ చేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు, ఎవరిదో పసిబిడ్డను పెట్టుకున్నట్టు. ఆవడిలో ఎక్కిన ఒకాయన, పైన పెట్టమని తన సంచిని బావకు అందించబోయాడు. బావ వినబడనట్టు బయటికి చూశాడు. రక్తం ఇచ్చాక ఫలితం కోసం ఎదురుచూసిన రోజుల్లో, ఫోన్ మోగితే తీయడానికి భయం, మోగకపోతే ఇంకా భయం.

నత్తల రిపోర్టు ముందు వచ్చింది. ఈసారి దాన్ని రెండోసారి చదవాల్సిన అవసరం లేకపోయింది. తరవాత రక్తం. అందులోనూ సీసమే.

చెన్నై ఆస్పత్రిలో డాక్టరమ్మ నెమ్మదిగా, తమిళంలో, బావ ముఖంలోకి చూస్తూ చెప్పింది. ఆ నత్తలు ఇక ముట్టకూడదు. మందులు ఉన్నాయి, సీసాన్ని కొంత బయటికి లాగుతాయి. నరం ఎంతవరకు కోలుకుంటుందో ఇప్పుడే చెప్పలేం. పూర్తిగా రావచ్చు, సగమే రావచ్చు. మగ్గం సంగతి ఆరు నెలల తరవాత మాట్లాడదాం.

"మూలానికి మందు తింటే చేతికి మూడిందే తాయీ," అన్నాడు బావ. ఆమె నవ్వబోయి మానేసింది. మాటలతో ఆడుకోవడం నా ఒక్కడి జబ్బే అనుకునేవాణ్ని, భయం వేస్తే అందరికీ వస్తుందని అప్పుడు తెలిసింది.

ఇంటికి వచ్చాక అక్క ఏడవలేదు. మాత్రలు ఎప్పుడెప్పుడు వెయ్యాలో అడిగి తెలుసుకుంది. మాత్రల పొట్లాన్ని గూట్లో పెడుతూ, "వీధిలో అందరూ తింటా ఉండారే," అంది.

ఆదివారం పొద్దున బావ, నేను ఏటికి వెళ్లాం. నేను చెబుతానన్నాను గానీ ఆయన ఒప్పుకోలేదు. మలుపులో మోకాటి లోతు నీళ్లలో ఆడవాళ్లు వంగి నత్తలు ఏరుతున్నారు. గట్టు మీద బేసిన్లు. నీళ్లు ఆ రోజు తేటగా, అడుగున ఇసుక కనిపించేంత అందంగా ఉన్నాయి. అంత తేట నీళ్లను చూసి అంత భయపడటం నాకు అదే మొదటిసారి.

"పైకి రండమ్మా," అన్నాడు బావ. "ఈ నత్తలు ఒద్దు. విషం ఉండాదంట."

"ఏమన్నా, మీ సారు మిషన్ పెట్టి చూసినాడు, పాల మాదిరి ఉండాదని నువ్వే గదా చెప్పింది?" అంది ఒకామె, నడుము నిలబెట్టకుండానే.

"పాలు ఇరిగిపోయినట్లుండాయి లేవే," అంది ఇంకొకామె. అందరూ నవ్వారు.

"అన్నా, మలుపంతా నువ్వే ఏరుకుందామని గదా!" మళ్లీ నవ్వు.

నేను ముందుకు వచ్చి బోను గురించి, చచ్చిన నత్తల గురించి, లోహాల గురించి చెప్పడం మొదలుపెట్టాను. నా పాఠం ఎప్పటిలాగే సాగింది. ఒకామె బేసిన్ కడుక్కోవడం మొదలుపెట్టింది. మరొకామె, "మొన్న బాగుందంటిరి, ఇప్పుడు లేదంటిరి, రేపేమంటారు సారూ?" అని మర్యాదగానే అడిగింది. 

బావ నన్ను పక్కకు జరిపాడు. చేతికి చుట్టిన గుడ్డ విప్పి, చెక్కపేడు తీసి గట్టు మీద పెట్టాడు. కుడిచేయి వాళ్ల వైపు చాపాడు. చెయ్యి మణికట్టు దగ్గర విరిగినట్టు కిందికి వాలింది.

ఏదో వేషం కడుతున్నాడనుకుని ఒకరిద్దరు నవ్వారు. బావ నవ్వలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి ఏమీ అనకుండా, అలాగే చాపి నిలబడ్డాడు. మణికట్టు లేపాలని చూశాడు. చెయ్యి కదల్లేదు.

నవ్వులు ఆగిపోయాయి.  అందరికంటే పెద్దావిడ, బొడ్లో నత్తల మూట దోపుకుని ఉన్నామె, నీళ్లలోంచి తన కుడిచేయి పైకి తీసింది. నీళ్లు కారుతుండగా ముందుకు చాపి దాని వంకే చూసుకుంది. వేళ్లు ముడిచింది, తెరిచింది, మళ్లీ ముడిచింది. ఆమె పక్కనున్నామె తన చేయి చాపింది. తరవాత ఇంకొకామె.  ఏటి మధ్యలో, వరసగా, తడిచేతులు ముందుకు చాపుకుని తమ మణికట్ల వైపు చూసుకుంటూ నిలబడ్డారు.

నేను మాత్రం చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాను. వాటిని ముందుకు తెచ్చి చాపి చూసుకునే ధైర్యం నాకు చాలలేదు.